తేనెటీగల ఉత్పత్తులు ఆరోగ్యానికి నిజంగా పనికొస్తాయా? తగిలిన చోట కొంత మందు, మింగాక ఆహారమే

మీరు అడిగింది ఇది. బంధువులు ఒక పెట్టె పంపారు. అందులో తేనె, పుప్పొడి గింజలు, ప్రోపోలిస్ (ఈగలు చేసుకునే లక్క) చుక్కలు, రాయల్ జెల్లీ (రాణి ఈగ ఆహారం) మాత్రలు, తేనెటీగ విషంతో చేసిన మోకాళ్ల లేపనం ఉన్నాయి. ఇంట్లో రాత్రిళ్లు దగ్గే ఆరేళ్ల పాప, తొమ్మిది నెలల బాబు, షుగరుతో పాటు మోకాళ్ల నొప్పులున్న మీ మామగారు, ఆస్తమా ఉన్న మీరు. ఇవి ఇంటిల్లిపాదీ వాడవచ్చా, నిజంగా మేలు చేస్తాయా అన్నది మీ సందేహం.

ముందు సమాధానం చెప్పి తర్వాత కారణాల్లోకి వెళతాను. పాపకు పడుకునే ముందు తేనె ఇవ్వండి, దగ్గు తగ్గడానికి అది పనికొస్తుంది. బాబుకు ఏడాది నిండే వరకు తేనె చుక్క కూడా వద్దు. రాయల్ జెల్లీ, పుప్పొడి, ప్రోపోలిస్ మూడూ మీరు ముట్టుకోవద్దు, ఆస్తమా ఉన్నవారికి వాటితో ప్రాణాపాయం ఉంది. మీ మామగారికి తేనె చక్కెర కిందే లెక్క. లేపనంతో మోకాళ్లు బాగుపడతాయని నేను చెప్పలేను.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. మానని పుండ్లకు కట్లు కట్టే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. సరదా కొద్దీ కొన్ని తేనెటీగల పెట్టెలు కూడా పెంచుతున్నాను. అందుకే ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఈగలంటే ఇష్టమున్నవాళ్లు అన్ని రోగాలకూ మందు అందులోనే ఉందంటారు, నా తోటి వైద్యుల్లో కొందరు అంతా కాకమ్మ కథలే అని కొట్టిపారేస్తారు. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది వేరు. ఈ పదార్థాలకు ఉన్న గట్టి రుజువంతా చర్మం, గొంతు, నోటి లోపలి పొర, పుండు వంటి చోట్లే దొరుకుతుంది, అంటే పదార్థం నేరుగా తగిలే చోట. మింగి, అరిగి, రక్తంలో కలిసి ఎక్కడో ఉన్న జబ్బును నయం చేస్తుందని చెప్పే దగ్గర రుజువు పలచబడిపోతుంది. ఎవరైనా మీకు ఒక గుణం వర్ణిస్తే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇది తగిలి పనిచేసేదా, మింగి పనిచేసేదా?

పుండ్ల సంగతితో మొదలుపెడతాను, తేనె బలం బాగా కనిపించేది అక్కడే కాబట్టి.

తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలు, 17-18 శాతం నీరు. ఇంత చిక్కటి చక్కెరలో సూక్ష్మజీవి పెరగలేదు, దాని ఒంట్లో నీటిని తేనె లాగేస్తుంది. పైగా పీహెచ్ 4కు అటూ ఇటూగా ఉండే ఆమ్లం. అసలు చమత్కారం వేరే ఉంది. ఈగ తన తలలోని గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును మకరందంలో కలుపుతుంది. తేనె చిక్కగా ఉన్నంతకాలం అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది. పుండులోని ద్రవం తగిలి తేనె పలచబడగానే నిద్రలేచి, గ్లూకోజు నుంచి కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తుంది. సీసాలోంచి ఒక్కసారిగా పోసే పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాలను కూడా దెబ్బతీస్తుంది. ఇక్కడ తయారయ్యేది చాలా తక్కువ మోతాదు, అదీ గంటల తరబడి ఊరుతూ ఉంటుంది.

న్యూజిలాండ్‌లో మనుకా పొద నుంచి వచ్చే తేనెది ఇంకో దారి. వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ అనే శాస్త్రవేత్త, పెరాక్సైడును తీసేసినా ఈ తేనె సూక్ష్మజీవులను చంపుతోందని గమనించాడు. దానికి కారణం మిథైల్‌గ్లయాక్సాల్ అనే రసాయనం అని 2008లో తేలింది. మనుకా సీసాల మీద కనిపించే అంకెలు సాధారణంగా దీని బలాన్ని చెప్పేవే. ఆ అంకె పుండు మీద కట్టు కట్టేటప్పుడు పనికొస్తుంది. రొట్టె మీద రాసుకుని తినేవారికి దానితో ఒరిగేది లేదు.

తేనె కట్టు కట్టిన మొదటి రెండు రోజులూ రోగులు కంగారు పడతారు. పుండు నుంచి నీరు ముందుకన్నా ఎక్కువ కారుతుంది, గాజుగుడ్డ తడిసి ముద్దవుతుంది, కొందరికి చురుక్కుమంటుంది కూడా. చక్కెర లోపలి ద్రవాన్ని పైకి లాగడం వల్ల జరిగేదే అది. ఆ తర్వాత కట్టు విప్పుతుంటే గుడ్డ పుండుకు అతుక్కోదు, లేత చర్మం ఊడిరాదు, రోగి పళ్లు బిగించి కూర్చోవలసిన పని ఉండదు. వాసన తగ్గడం అంతకన్నా పెద్ద ఊరట. కాలి పుండు వాసనకు భయపడి మనవల్ని దగ్గరికి రానివ్వని ఒక పెద్దావిడకు కట్టిన కట్లు నాకు బాగా గుర్తు. పుండు మానడానికి నెలలు పట్టింది, వాసన మాత్రం తొలి వారంలోనే పోయింది. పుండులోని క్రిములు మాంసకృత్తులను కుళ్లబెట్టే బదులు చక్కెరను తినడం మొదలుపెడతాయనీ, అప్పుడు దుర్వాసన వాయువులకు బదులు లాక్టిక్ ఆమ్లం పుడుతుందనీ దీనికి మోలన్ చెప్పిన వివరణ.

రుజువు ఎంత ఉందంటే, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష 26 ప్రయోగాలను, మొత్తం 3,011 మందిని పరిశీలించింది. చర్మం పైపొరలు మాత్రమే కాలిన గాయాలు మామూలు కట్లతో కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందే మానాయని, శస్త్రచికిత్స తర్వాత చీము పట్టిన గాయాల్లోనూ మేలు కనిపించిందని తేల్చింది. అదే సమీక్ష, సిరల లోపంతో వచ్చే కాలి పుండ్లకు తేనె వల్ల పెద్ద తేడా లేదనీ, మధుమేహ రోగుల పాదాల పుండ్ల విషయంలో గట్టిగా చెప్పగలిగినంత ఆధారం లేదనీ కూడా చెప్పింది. ఈ రెండో సగాన్ని అమ్మేవారు ఎప్పుడూ చెప్పరు. మీ మామగారికి షుగరు ఉంది కాబట్టి మీరు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆయన పాదానికి పుండు పడితే ఇంట్లో తేనె పూసి చూద్దామని ఆగవద్దు, అదే రోజు వైద్యుడికి చూపించండి.

వంటింటి తేనెను పుండు మీద వాడవద్దు. ఆసుపత్రిలో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనె. ఆ కిరణాలు అందులోని సూక్ష్మజీవుల బీజాలను చంపుతాయి గానీ తేనె గుణాన్ని చెడగొట్టవు. అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ అటువంటి తేనె కట్టుకు 2007లో అనుమతి ఇచ్చింది.

ఇక దగ్గు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లల మీద జరిగిన ఒక ప్రయోగం 2007లో వెలువడింది. కొందరికి బక్‌వీట్ అనే మొక్క పూల తేనె, కొందరికి తేనె రుచి కలిపిన డెక్స్‌ట్రోమెథార్ఫన్ అనే దగ్గు మందు ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వని పిల్లల కన్నా తేనె తాగిన పిల్లలు రాత్రి తక్కువ దగ్గి, ఎక్కువ నిద్రపోయారు. దగ్గు మందుతో పోలిస్తే తేనె ఏమాత్రం తీసిపోలేదు. 2012లో ఇజ్రాయెల్‌లో ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు 300 మంది మీద చేసిన ప్రయోగం ఇంకా పకడ్బందీగా జరిగింది. మూడు రకాల తేనెలను ఖర్జూర పాకంతో పోల్చారు, ఎవరికి ఏది ఇస్తున్నారో తల్లిదండ్రులకూ వైద్యులకూ తెలియదు. తేనె గెలిచింది. కానీ ఖర్జూర పాకం తాగిన పిల్లలకూ కొంత తగ్గింది. అంటే ఇందులో కొంత తీపి పని, కొంత చిక్కదనం పని, కొంత జలుబు దానంతటదే తగ్గే పని. పాపకు నిద్రపడితే అందులో తేనె వాటా ఎంతో తేల్చాల్సిన అవసరం మనకు లేదు.

ఆ ప్రయోగంలో ఇచ్చినది 10 గ్రాములు, పడుకునే అరగంట ముందు. చిన్న చెంచాతో ఒకటిన్నర అనుకోండి. నేరుగా నాకించవచ్చు, గోరువెచ్చటి నీళ్లలో కలిపీ ఇవ్వవచ్చు. తర్వాత పళ్లు తోమించండి. బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య మార్గదర్శక సంస్థ కూడా 2019 నుంచి మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ కన్నా ముందు తేనె వంటి ఇంటి ఉపాయాలనే సూచిస్తోంది. అయితే పాప దగ్గు మూడు వారాలు దాటినా, ఎగశ్వాస వచ్చినా, పిల్లికూతలు వినిపించినా, జ్వరం వదలకపోయినా తేనెతో కాలయాపన చేయవద్దు. తల్లికి ఆస్తమా ఉన్న ఇంట్లో పిల్లలకు వచ్చే రాత్రి దగ్గు, ముఖ్యంగా ఆడుకున్నాక కూడా వచ్చే దగ్గు, ఒక్కోసారి ఆస్తమాయే అవుతుంది.

తేనెను వేడి నీళ్లలో కలిపితే విషమవుతుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. వేడి వల్ల ఎంజైములు చెడిపోయే మాట నిజమే, హెచ్ఎంఎఫ్ అనే పదార్థం కొంచెం పెరిగే మాటా నిజమే. కానీ ఆ పదార్థం కాఫీలోనూ ఎండు పళ్లలోనూ అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. మోతాదు మించితే ఈగలకు హాని గానీ మనకు కాదు. గొంతుకు హాయినివ్వడానికి ఎంజైముతో పని లేదు.

బాబు విషయానికి వస్తాను. తేనెలో బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. మనం మింగితే మన పేగుల్లో అప్పటికే కాపురమున్న సూక్ష్మజీవులు వాటిని మొలకెత్తనివ్వవు. ఏడాదిలోపు పిల్లల పేగుల్లో ఆ కాపలా ఇంకా ఏర్పడదు. బీజాలు అక్కడే మొలకెత్తి నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారు చేస్తాయి. పసిపిల్లల్లో ఈ జబ్బును 1976లో గుర్తించారు. మొదట మలబద్ధకం వస్తుంది, తర్వాత పాలు సరిగా పట్టరు, ఏడుపు నీరసంగా ఉంటుంది, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. తేనె మరగబెట్టినా ఆ బీజాలు చావవు. స్వచ్ఛమైనదైనా, అడవిదైనా, మీ కళ్ల ముందే పట్టు నుంచి పిండినదైనా తేడా లేదు. నా పెట్టెల తేనెకూ ఇదే నియమం. పాలపీకకు రాయడం, నాలుక మీద చుక్క వేయడం కూడా వద్దు. ఇంట్లో పెద్దలు నొచ్చుకుంటే ఆ మాట వైద్యుడి మీదికి తోసేయండి.

మీ మామగారికి తేనె మంచిదని ఎవరో చెప్పారని రాశారు. ఒక పెద్ద చెంచా తేనె సుమారు 21 గ్రాములు, అందులో 17 గ్రాములు చక్కెరే, 64 కిలో కాలరీలు. మామూలు పంచదార కన్నా తేనె రక్తంలో చక్కెరను కొంచెం నెమ్మదిగా పెంచవచ్చు, పెంచడం మాత్రం ఖాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెలోని తీపిని కూడా తగ్గించుకోవలసిన చక్కెరల జాబితాలోనే చేర్చింది. తేనెలో ఖనిజాలు, విటమిన్లు లేవని కాదు. వాటి కోసం తినాలంటే కప్పులకొద్దీ తినాలి. ఆయన ఇప్పటికే చక్కెర వేసుకుంటున్న చోట దానికి బదులు కొంచెం తేనె వేసుకుంటే అభ్యంతరం లేదు, చక్కెరకు తోడుగా మందు పేరుతో రోజూ చెంచాడు కలిపితేనే అసలు తంటా.

రాయల్ జెల్లీ దగ్గర కొంచెం ఆగుతాను. నిజానికి నాకు వీటన్నిటిలో ఇదే అబ్బురంగా ఉంటుంది. పట్టు చట్రం అంచున వేరుశనగ కాయలా వేలాడే రాణి గది ఉంటుంది. దాన్ని చీల్చి చూస్తే తెల్లటి పిల్లపురుగు పాలమీగడ రంగు జెల్లీలో తేలుతూ కనిపిస్తుంది. నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా, కొంచెం గొంతు పట్టేలా ఉంటుంది. లేత వయసు కూలి ఈగల తల గ్రంథుల్లో ఊరే పదార్థం ఇది. మూడింట రెండు వంతుల వరకు నీరు, మిగతాది మాంసకృత్తులు, చక్కెరలు, 10-హెచ్‌డీఏ అనే ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లం. మొదటి మూడు రోజులు పిల్లపురుగులన్నీ దాదాపు ఇలాంటి ఆహారమే తింటాయి. ఆ తర్వాత కూలి ఈగలు కాబోయేవాటికి తేనె, పుప్పొడి కలిపి పెడతాయి, రాణి కాబోయే పురుగుకు చివరిదాకా ఇదే. ఒకే జన్యువులున్న రెండు పురుగుల్లో ఒకటి వేసవిలో ఆరు వారాలు బతికే కూలి ఈగ, మరొకటి ఏళ్ల తరబడి బతికి, ఉధృతి కాలంలో రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టే రాణి అవుతాయి. డీఎన్ఏ మీద జన్యువుల పనిని మార్చే మిథైల్ అనే రసాయన గుర్తులు వేసే ఒక ఎంజైమును పిల్లపురుగుల్లో అణచివేస్తే వాటిలో చాలావరకు రాణులుగా మారాయని 2008లో ఒక పరిశోధన చూపించింది కూడా.

ఇక్కడి నుంచే అమ్మకందారు ఒక గెంతు వేస్తాడు: రాణి అంత కాలం బతుకుతోంది, కాబట్టి మీరూ తినండి. ఆ జెల్లీ మీట నొక్కేది రెండు దారులూ ముందే సిద్ధంగా ఉన్న ఈగ పురుగులో. మనలో ఆ మీటే లేదు. మన కడుపులోకి వెళ్లాక ఆ మాంసకృత్తులు పప్పులోని మాంసకృత్తుల్లాగే అరిగిపోతాయి. కొలెస్ట్రాల్ మీద, రుతుక్రమం ఆగిపోయే వయసు ఇబ్బందుల మీద చిన్న చిన్న ప్రయోగాలు వచ్చాయి. వాటిని నమ్మి నేను ఎవరికీ మందు రాయలేదు, రాయను.

కీడు మాత్రం రుజువైనదే. 1990లలో ఆస్ట్రేలియా, హాంకాంగ్‌ల నుంచి రాయల్ జెల్లీ తిన్న ఆస్తమా రోగులకు తీవ్రమైన ఆయాసం వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి, మరణం కూడా నమోదైంది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి నీరసం తగ్గుతుందని మాత్ర వేసుకుంది. అరగంటకు పెదవులు ఉబ్బి, ఛాతీ బిగుసుకుపోయి, ఒళ్లంతా దద్దుర్లతో వచ్చింది. అడ్రినలిన్ ఇచ్చాక కోలుకుంది. ఆమె అంతకు ముందు తేనె చాలాసార్లు తిన్నది, ఎప్పుడూ ఏమీ కాలేదు. తేనె పడుతోంది కదా, ఇదీ పడుతుందిలే అని అనుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పుప్పొడి గింజల గురించి చెప్పేది తక్కువ. మాంసకృత్తులు బాగానే ఉంటాయి, ఏ పువ్వు అన్నదాన్ని బట్టి చాలా మారతాయి. రేణువు పైగోడ ఎంత గట్టిదంటే మన జీర్ణరసాలకు సగం లొంగదు. తింటే ఆహారం, అంతే. పుప్పొడి పడనివారికి మొదటి చెంచాతోనే ప్రమాదకరమైన అలర్జీ రావచ్చు. స్థానికంగా దొరికే తేనె తింటే పుప్పొడి అలర్జీ తగ్గుతుందన్న మాట కూడా నిలబడలేదు. మనకు తుమ్ములు తెప్పించేది ఎక్కువగా గాలిలో ఎగిరే గడ్డి, చెట్ల పుప్పొడి. ఈగ మోసుకొచ్చేది పూలలోని బరువైన, జిగురు పుప్పొడి.

ప్రోపోలిస్ అంటే ఈగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి తెచ్చిన జిగురులో మైనం కలిపి చేసుకునే లక్క. పెట్టెలో సందులు పూడ్చడానికి వాడతాయి. లోపలికి దూరి చచ్చిన ఎలుకను బయటికి ఈడ్చలేకపోతే, కుళ్లకుండా దాని ఒళ్లంతా ఈ లక్కతో కప్పేస్తాయి. ఎండాకాలంలో నా చేతి వేళ్లకు అంటితే సబ్బుకు పోదు, స్పిరిటుతో తుడవాల్సిందే. క్రిములను అణచే గుణం దీనికి నిజంగానే ఉంది. పెదవి మీద వచ్చే హెర్పిస్ పొక్కులకు, నోటి పూతకు పైన రాసే లేపనాలతో కొన్ని మంచి ఫలితాలు వచ్చాయి. ఇదీ తగిలే చోట పనిచేసేదే చూడండి. మింగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందన్న ప్రచారాన్ని యూరప్ ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, నిరూపణ కాలేదని తేల్చింది. చిక్కేమిటంటే చర్మానికి ఇది పడనివారు తక్కువేమీ కాదు. పెదవుల చుట్టూ ఎర్రగా పొలుసులు లేచి, ఎన్ని మందులు రాసినా తగ్గని ఒక గాయకుడికి కారణం వెతికితే, గొంతు కోసం రోజూ చప్పరించే ప్రోపోలిస్ బిళ్లలని తేలింది. అవి మానేశాక తగ్గింది.

చివరగా విషం. ఎండిన విషంలో సగం వరకు మెలిటిన్ అనే 26 అమైనో ఆమ్లాల గొలుసు. కణం పొరకు తూట్లు పొడవడమే దాని పని. ప్రయోగశాల గిన్నెలో క్యాన్సర్ కణాలను చంపిందన్న వార్త మీరు చూసే ఉంటారు, అది నిజమే. ఎర్ర రక్తకణాలనూ అలాగే చంపుతుందని మాత్రం ఆ వార్తలో ఉండదు. గిన్నెలో చంపడానికీ ఒంట్లో నయం చేయడానికీ మధ్య ఏళ్ల దూరం ఉంది. ఈగలతో కుట్టించుకోవడం వల్ల మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు తగ్గుతుందేమో చూడడానికి నెదర్లాండ్స్‌లో 26 మందితో చేసిన ప్రయోగం 2005లో వెలువడింది, మేలేమీ కనిపించలేదు. రెండేళ్లుగా అలా కుట్టించుకుంటున్న ఒక స్పెయిన్ మహిళ ఒకసారి కుట్టిన వెంటనే కుప్పకూలి, కొన్ని వారాలకు చనిపోయిన ఉదంతం 2018లో వార్తల్లోకెక్కింది. ఇన్నాళ్లూ పడింది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

తేనెటీగలు పెంచేవారికి కీళ్ల నొప్పులు రావంటారు. నాకు తెలిసిన పెంపకందార్లలో మోకాళ్లు పట్టుకుని లేచేవారు బోలెడుమంది. విషం నిజంగా మందుగా పనిచేసేది ఒక్క చోట: ఈగ కుడితే ప్రాణం మీదికొచ్చే అలర్జీ ఉన్నవారికి ఆసుపత్రిలో అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మూడు నుంచి ఐదేళ్లు ఇచ్చే ఇంజెక్షన్లు. వాటితో చాలామందికి రక్షణ దొరుకుతుంది. మీ పెట్టెలోని లేపనానికీ దీనికీ సంబంధం లేదు. మీ మామగారి మోకాళ్లకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు తగ్గడం, వైద్యుడు రాసిన నొప్పి లేపనం ఇంతకన్నా నమ్మదగినవి.

ఒక పని చేయండి. మీ మామగారు వేసుకునే మందుల చీటీ చూసి, అందులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ ఉందేమో చెప్పండి. రాయల్ జెల్లీ తోడై రక్తస్రావం అయిన ఉదంతం ఒకటి వైద్య పత్రికల్లో ఉంది, ఆయన ఇప్పటికే ఆ మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపించి, రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. మీ పాప దగ్గు ఎన్నాళ్లుగా ఉందో, పరుగెత్తినప్పుడు కూడా వస్తోందో లేదో కూడా రాయండి.